ఇన్‌స్పెక్టర్ మళ్లీ వస్తే ఏం చెప్పాలి?

ప్రశ్న: అక్కా, నేను మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. ఏడాదిన్నరగా మన జిల్లాకే చెందిన ఒక అన్న దగ్గర టైల్స్ పనికి వెళ్తున్నాను. ఆయన ఒక బిల్డర్ కింద సబ్‌కాంట్రాక్టర్. ఏబీఎన్ (సొంతంగా వ్యాపారం చేసేవాళ్లకు ఇచ్చే నంబరు) తీసుకోమంటే తీసుకున్నాను. గంటకు 22 డాలర్లు ఇస్తారు. పేస్లిప్ లేదు, సూపర్ (రిటైర్మెంట్ కోసం యజమాని కట్టాల్సిన డబ్బు) లేదు. క్లాసులు జరిగే రోజుల్లో కూడా కొన్నిసార్లు నా స్టూడెంట్ వీసా పరిమితి, అంటే రెండు వారాలకు 48 గంటలు, దాటింది. పోయిన వారం సైటుకు ఫెయిర్ వర్క్ (జీతాలు సరిగ్గా ఇస్తున్నారో చూసే ప్రభుత్వ సంస్థ) ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు వచ్చారు. నేను పై అంతస్తులో ఉన్నాను కాబట్టి నాతో మాట్లాడలేదు. వాళ్లు వెళ్లాక అన్న పిలిచి, "మళ్లీ వస్తే నువ్వు నా బావమరిదివని, అప్పుడప్పుడు ఊరికే సాయానికి వస్తావని చెప్పు" అన్నారు. ఖాళీ టైమ్‌షీట్లు ఇచ్చి సంతకాలు పెట్టమన్నారు. ఇంకా పెట్టలేదు. మాతో పనిచేసే ఒక పెద్దాయనేమో, ఇన్‌స్పెక్టర్ అడిగినదానికి జవాబు చెప్పకపోతే ఆరు నెలలు జైలంటున్నాడు. నిజం చెబితే వీసా పోతుందని, చెప్పకపోతే జైలని రెండు వైపులా టెన్షన్. కొత్తగా వచ్చినప్పుడు రూమ్ చూపించి అన్నం పెట్టిన మనిషి ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ ఖాళీ టైమ్‌షీట్ల సంగతి. వాటి మీద సంతకం పెట్టకు. ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా పెట్టకు. మిగతా ఉత్తరమంతా నిదానంగా చదువుకోవచ్చు కానీ ఈ ఒక్క మాట ఈ రోజే గుర్తుపెట్టుకో.

ఆ సంతకం ఆయనకు ఎందుకు కావాలో తెలుసా? ఆస్ట్రేలియాలో మనుషుల్ని పనిలో పెట్టుకున్నవాళ్లు పనిగంటల, జీతాల రికార్డులు ఏడేళ్లు దాచాలి. జీతం ఇచ్చాక ఒక పనిదినం లోపు పేస్లిప్ ఇవ్వాలి. ఆ రికార్డులు లేకుండా వ్యవహారం కోర్టుదాకా వెళ్తే, "ఇతను అన్ని గంటలు చేయలేదు" అని నిరూపించే భారం యజమాని మీద పడుతుంది. అంటే ఈ రోజు ఆయన దగ్గర కాగితం లేకపోవడమే నీకు బలం. నువ్వు ఖాళీ షీటు మీద సంతకం పెట్టిన మరుక్షణం ఆ బలాన్ని నీ చేత్తోనే ఆయనకు ఇచ్చేసినట్టు. రేపు అందులో నాలుగు గంటలని రాసుకున్నా, అసలు రాలేదని రాసుకున్నా కింద ఉండేది నీ సంతకమే.

ఇక జైలు మాట. ఆ పెద్దాయన నిన్ను భయపెట్టాలని ఆ మాట అని ఉండడు, పాత సంగతి ఆయన మనసులో అలా ఉండిపోయి ఉంటుంది. ఇక్కడి నిర్మాణ రంగానికి ఒకప్పుడు ప్రత్యేకంగా ఒక కమిషన్ ఉండేది, ఏబీసీసీ అనేవారు. 2003లో వచ్చిన కోల్ రాయల్ కమిషన్ (ఆ రంగం మీద వేసిన ప్రభుత్వ విచారణ సంఘం) నివేదిక తర్వాత 2005లో దాన్ని పెట్టారు. పిలిపించి ప్రశ్నలు అడిగే అధికారం దానికి ఉండేది. వెళ్లకపోయినా, జవాబు చెప్పకపోయినా ఆరు నెలల దాకా జైలు శిక్ష వేసే వీలు ఆ చట్టంలో నిజంగానే ఉండేది. అడిలైడ్‌లో ఆర్క్ ట్రైబ్ అనే నిర్మాణ కార్మికుడు, సైటులో భద్రత గురించి జరిగిన ఒక మీటింగ్ విషయంలో పిలిచినా వెళ్లనందుకు కేసు ఎదుర్కొన్నాడు. 2010 నవంబరులో కోర్టు అతన్ని నిర్దోషి అంది. అతనికి పంపిన నోటీసే సరిగ్గా జారీ కాలేదని తేల్చింది. ఆ రోజుల్లో సైట్లలో ఎక్కడ విన్నా ఇదే మాట. కమిషన్‌ను 2012లో తీసేసి ఇంకో పేరుతో ఇంకో సంస్థను పెట్టారు, 2016 డిసెంబరులో మళ్లీ పాత పేరుతోనే తెచ్చారు, 2023 ఫిబ్రవరిలో పూర్తిగా మూసేశారు. ఇప్పుడు సైటుకు వచ్చేది ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ మనుషులు. హోటల్‌కైనా, పొలానికైనా, నీ టైల్స్ పనికైనా ఒకే చట్టం, ఒకే అధికారాలు.

ఆ అధికారాలేమిటో నీకు తెలియాలి. తెలియకపోవడం వల్లే నీకు నిద్ర పట్టడం లేదు.

ఫెయిర్ వర్క్ ఇన్‌స్పెక్టర్ పనిగంటల్లో ముందుగా చెప్పకుండానే సైటులోకి రావచ్చు. గుర్తింపు కార్డు చూపించాలి. తలుపు పగలగొట్టి రాకూడదు, కానీ యజమాని అడ్డం పడితే ఆ అడ్డుకోవడమే చట్ట ఉల్లంఘన అవుతుంది. మనుషులు కాపురముండే ఇంటి భాగంలోకి మాత్రం, అక్కడ పని జరుగుతోందని నమ్మడానికి తగిన కారణం ఉంటేనే అడుగుపెట్టాలి. లోపలికి వచ్చాక పని ఎలా జరుగుతోందో చూడొచ్చు, ఎవరితోనైనా మాట్లాడవచ్చు, రికార్డులు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పమనవచ్చు, ఉన్నవాళ్లను చూపించమనవచ్చు, కాపీలు తీసుకోవచ్చు. అక్కడికక్కడ దొరకకపోతే నోటీసు ఇస్తారు. దానికి కనీసం 14 రోజుల గడువు ఉంటుంది. ఆ నోటీసు నీ యజమానికే ఇవ్వాలని లేదు. రికార్డు ఎవరి చేతిలో ఉంటే వాళ్లకు ఇవ్వచ్చు. ఈ మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

నీతో మాట్లాడటం అంటే ఏమిటి? "మీరు ఎవరి కింద చేస్తున్నారు, ఎన్ని గంటలు, ఎంత ఇస్తున్నారు" అని అడుగుతారు. జవాబు చెప్పి తీరాలన్న బలవంతం సైటులో లేదు. "ఇప్పుడు మాట్లాడలేను, ముందు సలహా తీసుకుంటాను, మీ కార్డు ఇవ్వండి" అనొచ్చు, తప్పేమీ లేదు. పేరు, అడ్రసు మాత్రం, చట్టం తప్పారని సరైన కారణంతో నమ్మిన మనిషిని అడిగి తీసుకునే హక్కు వాళ్లకుంది. నువ్వయితే అడగ్గానే చెప్పేసెయ్, దాచడం వల్ల ఒరిగేదేమీ లేదు. బలవంతంగా జవాబు రాబట్టే నోటీసు ఇంకొకటి ఉంది, 2017లో వచ్చింది. అది ఇన్‌స్పెక్టర్ జేబులోంచి తీసి ఇచ్చేది కాదు. ట్రిబ్యునల్ సభ్యుడి దగ్గర అనుమతి తెచ్చుకోవాలి, నీకు కనీసం 14 రోజుల గడువు ఇవ్వాలి, లాయర్‌ను వెంట తీసుకెళ్లొచ్చు. దాన్ని కాదంటే పెనాల్టీ పడుతుంది. టైల్స్ పనిలో హెల్పర్‌గా ఉన్న కుర్రాడి మీద ముందుగా తీసే ఆయుధం కాదది.

ఇక్కడే అసలు తేడా ఉంది. సైటులో మౌనంగా ఉంటే శిక్ష లేదు. తెలిసి తెలిసి ఇన్‌స్పెక్టర్‌కు అబద్ధం చెబితే, దొంగ కాగితం ఇస్తే పెనాల్టీ ఉంది. అన్న నిన్ను చేయమంటున్నది సరిగ్గా ఈ రెండో పని. "బావమరిదిని" అన్న ఆ ఒక్క మాటతో నువ్వు బాధితుడి వైపు నుంచి తప్పుచేసినవాళ్ల వైపుకు వెళ్లిపోతావు.

పైగా ఆ అబద్ధం నిలబడదు. నా కళ్లతో చూసిన సంగతి చెబుతాను. కొన్నేళ్ల కింద నేను ఒక చిన్న ఫార్మ్‌వర్క్ కంపెనీలో ఆఫీసు లెక్కలు చూసేదాన్ని. ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చి ముగ్గురు మనుషుల పేర్లు చెప్పి వాళ్ల టైమ్‌బుక్ అడిగింది. గొంతు పెంచలేదు, నవ్వుతూనే మాట్లాడింది. మా యజమాని పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు. అది అంతకుముందు ఆదివారం కూర్చుని రాసిన పుస్తకమని నాకు తెలుసు. పేజీలన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ప్రతి రోజూ ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 3.30. ఆవిడ మెల్లిగా ఒక్కో పేజీ తిప్పుతూ నవంబరు మొదటి మంగళవారం దగ్గర ఆగింది. మెల్‌బోర్న్ కప్ రోజు. ఊరంతా సెలవు, మా సైటు గేటుకు తాళం. పుస్తకంలో మాత్రం ముగ్గురూ 7 నుంచి 3.30 దాకా పనిచేశారు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకుని తర్వాతి పేజీ తిప్పింది. ఆ ముగ్గురిలో ఒకడు, యజమాని చెప్పమన్నట్టే చెప్పిన పిల్లాడు, నా వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ ఆదివారమే నేను నోరు విప్పి ఉంటే వాడికి ఆ పరిస్థితి వచ్చేది కాదు. నీకు ఇంత వివరంగా రాయడానికి అదీ ఒక కారణం.

నీ విషయంలో టైమ్‌బుక్ దాకా కూడా వెళ్లక్కర్లేదు. గేటు దగ్గర రోజూ ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసో, షీటులో పేరు రాసో లోపలికి వెళ్తావు కదా? వైట్ కార్డ్ (సైటులో పనికి కావాల్సిన భద్రతా శిక్షణ కార్డు) చూపించి మొదటి రోజు ఇండక్షన్ చేయించుకుని ఉంటావు కదా? ఆ రికార్డులు అన్న దగ్గర కాదు, బిల్డర్ దగ్గర ఉంటాయి. నోటీసు ఎవరికైనా ఇవ్వచ్చని అందుకే అన్నాను. ఏడాదిన్నరలో నువ్వు ఏ రోజు ఎన్నింటికి వచ్చావో, ఎన్నింటికి వెళ్లావో ఆ రిజిస్టర్ చెబుతుంది. వారానికి నాలుగు రోజులు ఉదయం 6.50కి స్కాన్ చేసిన బావమరిది "అప్పుడప్పుడు సాయానికి" వచ్చాడంటే ఎవరు నమ్ముతారు?

ఇప్పుడు వీసా. ఇక్కడ జాగ్రత్తగా చదువు.

ఫెయిర్ వర్క్ వాళ్లు వేరు, బోర్డర్ ఫోర్స్ వాళ్లు వేరు. బోర్డర్ ఫోర్స్ వాళ్లూ సైట్లకు వస్తారు, వీసాలు చూస్తారు. అందుకే ఎవరొచ్చినా ముందు కార్డు చూసి ఏ శాఖో తెలుసుకో. ఫెయిర్ వర్క్ వాళ్లు చూసేది యజమాని జీతం సరిగ్గా ఇచ్చాడా లేదా అని. నీ వీసా ఏదైనా, దాని షరతు తప్పినా సరే, చేసిన పనికి జీతం హక్కు పోదని 2023లో చట్టంలోనే రాశారు. 2024 జూలై నుంచి, వీసా పేరు చెప్పి బెదిరించి అన్యాయమైన పనికి ఒప్పించడం నేరం. అదే నెలలో ఇంకో రక్షణ కూడా వచ్చింది: పనిలో దోపిడీకి గురైన మనిషి దాన్ని బయటపెడితే, ఆ దోపిడీతో ముడిపడిన పనిగంటల షరతు తప్పినందుకు వీసా రద్దు చేయకుండా కాపాడే ఏర్పాటు. దానికి ఫెయిర్ వర్క్ లాంటి ప్రభుత్వ సంస్థ గానీ, గుర్తింపు ఉన్న యూనియన్ లేదా ఉచిత న్యాయ సహాయ కేంద్రం గానీ సర్టిఫికెట్ ఇవ్వాలి. నువ్వు ఇకమీదట షరతులు పాటిస్తానని ఒప్పుకోవాలి. ఇది పిలవకుండా వచ్చే గొడుగు కాదు, అడిగి తీసుకోవాలి.

అందుకే ఈ వరస తప్పకు. ముందు న్యాయ సలహా, తర్వాత ఇన్‌స్పెక్టర్. 48 గంటలు దాటిన విషయం ఎవరికైనా చెప్పే ముందు, మెల్‌బోర్న్‌లోని మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ వాళ్లనో, జాబ్‌వాచ్ వాళ్లనో కలువు. వీసా రక్షణ షరతులు నీ కేసుకు ఎలా వర్తిస్తాయో వాళ్లను అడిగి రాయించుకో. నీ కాలేజీలో కూడా విద్యార్థుల న్యాయ సలహా విభాగం ఉందేమో కనుక్కో. కన్సల్టెన్సీ వాళ్లనీ, ఫేస్‌బుక్ గ్రూపుల్నీ దయచేసి అడగకు.

ఇంకొకటి, ఈ సోమవారం నుంచే 48 దాటకు. రెండు వారాల లెక్క సోమవారంతో మొదలవుతుంది. ఏబీఎన్ మీద చేసిన గంటలూ ఆ లెక్కలోకే వస్తాయి, "అది ఉద్యోగం కాదు కదా" అనే మాట పనికిరాదు.

ఏబీఎన్ అంటే గుర్తొచ్చింది. నువ్వు నిజంగా కాంట్రాక్టరువా? టైల్ కట్టర్ ఎవరిది? ఎన్నింటికి రావాలో, ఏ గదిలో ఏ వరస వేయాలో చెప్పేదెవరు? గ్రౌట్ సరిగ్గా రాకపోతే మళ్లీ చేసే ఖర్చు నీదా? నీ బదులు నీ ఫ్రెండ్‌ను పంపగలవా? నీ ఉత్తరం చదివితే జవాబులన్నీ ఒకవైపే ఉన్నట్టు నాకు అనిపిస్తోంది. 2024 ఆగస్టు 26 నుంచి కాగితం మీద ఏం రాసుకున్నారన్నదే కాకుండా, పని వాస్తవంలో ఎలా జరుగుతోందో మొత్తం చూసి తేల్చాలని చట్టం చెబుతోంది. ఉద్యోగిని కాంట్రాక్టరని చెప్పి పెట్టుకోవడాన్ని ఇక్కడ షామ్ కాంట్రాక్టింగ్ అంటారు, అది ఉల్లంఘన. నువ్వు ఉద్యోగివని తేలితే, 2025 జూలై 1 నుంచి దేశమంతటా కనీస వేతనమే గంటకు 24 డాలర్ల 95 సెంట్లు. క్యాజువల్ (జీతంతో కూడిన సెలవులు లేని తాత్కాలిక పని) అయితే దాని మీద 25 శాతం, అంటే 31 డాలర్లు దాటుతుంది. నిర్మాణ పనుల అవార్డులో, అంటే ఆ రంగానికి పెట్టిన కనీస జీతాల నిబంధనల్లో, ఇంకా ఎక్కువే. నీకు వస్తున్నది 22. దీనికి తోడు 12 శాతం సూపర్ రావాలి. అది అడగాల్సింది టాక్స్ ఆఫీసుని. ప్రధానంగా నీ కష్టాన్నే అమ్ముకుంటున్నట్టయితే, ఏబీఎన్ ఉన్నా సూపర్ రావచ్చు.

ఇన్‌స్పెక్టర్ ఈ బాకీ తేల్చి యజమానికి కంప్లయన్స్ నోటీసు ఇవ్వగలరు: ఇంత బాకీ ఉన్నావు, ఫలానా తేదీలోపు కట్టు అని. ఆ దారిలో కాకపోతే చిన్న మొత్తాల కోర్టు దారి ఉంది, లక్ష డాలర్ల దాకా అక్కడ అడగవచ్చు. ఆరేళ్ల వెనకటి బాకీ దాకా అడగవచ్చు కాబట్టి రేపే పరుగెత్తాలని లేదు. ఒక్క గడువు మాత్రం చాలా చిన్నది: జీతం గురించి అడిగినందుకో, ఫిర్యాదు చేసినందుకో ఉద్యోగం తీసేస్తే, తీసేసిన రోజు నుంచి 21 రోజుల్లోపు ఉద్యోగ వివాదాలు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్‌లో కేసు వేయాలి. పేరు దగ్గరగా ఉన్నా కమిషన్ వేరు, ఆంబుడ్స్‌మన్ వేరు.

నువ్వు అడగని మాట ఒకటి. టైల్స్ నీళ్లు పోయకుండా కోస్తున్నారా? ఆ దుమ్ములో ఉండే సిలికా ఊపిరితిత్తులను తినేస్తుంది. ఇది చూసేవాళ్లు వర్క్‌సేఫ్ విక్టోరియా ఇన్‌స్పెక్టర్లు, ఫెయిర్ వర్క్ కాదు. ప్రమాదం కళ్ల ముందు కనిపిస్తే అక్కడికక్కడే పని ఆపించే నోటీసు ఇవ్వగలరు. డబ్బు బాకీ రేపైనా వస్తుంది కానీ ఊపిరితిత్తులు మళ్లీ రావు. మాస్కు, నీళ్ల కటింగ్ లేకపోతే ఆ పని చేయనని చెప్పు.

ఇక అన్న. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ మాటే. కొత్తగా దిగిన రోజున అన్నం పెట్టిన చెయ్యిని ఎవరూ మర్చిపోకూడదు. ఆయన కూడా ఎవరి దగ్గరో ఇలాగే మొదలుపెట్టి ఉంటారు. చదరపు మీటరుకు బిల్డర్ ఇచ్చే రేటు దగ్గర ఆయన మెడకూ తాడు బిగిసే ఉంటుంది. నేను ఆ ఆఫీసులో కూర్చున్నదాన్ని కాబట్టి అది నాకు తెలుసు. కానీ ఆ అన్నం రుణం ఏడాదిన్నర తక్కువ జీతంతో ఎప్పుడో తీరింది. దొంగ సాక్ష్యంతో తీర్చమనడం మాత్రం అన్యాయం.

ఆయన మేలు కోరే మనిషివైతే ఆయనకు చెప్పాల్సింది ఇది. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం క్రిమినల్ నేరం, మనిషికి పదేళ్ల దాకా జైలు పడవచ్చు. పొరపాటున తక్కువ ఇచ్చినవాళ్లకు అది వర్తించదు. లెక్క తెలియక చేశానంటే వినే అవకాశం ఇప్పటికీ ఉంది. కానీ ఇన్‌స్పెక్టర్ వచ్చి వెళ్లాక కూర్చుని దొంగ టైమ్‌షీట్లు రాస్తే, ఇక పొరపాటని ఎవరంటారు? తప్పుడు రికార్డు తయారుచేయడమే ఇంకో ఉల్లంఘన. ఇప్పుడే తనంతట తాను లెక్క చూసుకుని బాకీ కట్టేస్తే ఆయన చాలా తేలిగ్గా బయటపడగలరు. "అన్నా, నేను మీ మీద పగతో లేను. సంతకం మాత్రం పెట్టలేను. మీరే ఒకసారి అకౌంటెంట్‌తో మాట్లాడండి" అను. ఎదురుగా అనలేకపోతే మెసేజ్ పెట్టు. అప్పుడు అది నీ దగ్గర ఉంటుంది కూడా.

ఈ వారంలో చేయాల్సినవి. ఆ ఖాళీ టైమ్‌షీట్లను, సంతకం పెట్టమని మెసేజ్ ఏదైనా వచ్చి ఉంటే దాన్ని ఫోటో తీసి, ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో దాచు. ఏడాదిన్నర బ్యాంకు స్టేట్‌మెంట్లు దింపుకో. ఒక నోటుపుస్తకం తీసుకుని గుర్తున్నంతవరకు తేదీలు, సైటు అడ్రసులు, వచ్చిన టైము, వెళ్లిన టైము రాయి. గుర్తు లేనిచోట ఊహించి రాయకు, ఖాళీగా వదిలెయ్. ఫోన్ మ్యాప్‌లో నువ్వు తిరిగిన చోట్ల హిస్టరీ ఆన్‌లో ఉంటే అది సాయపడుతుంది. ఈ రోజు నుంచి మాత్రం ఏ రోజు లెక్క ఆ రోజే, ఇంటికొచ్చి బూట్లు విప్పకముందే రాసుకో.

సలహా తీసుకున్నాక ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు నువ్వే ఫోన్ చేయవచ్చు: 13 13 94. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వచ్చు. అయితే అలా ఇస్తే నీ బాకీ నీకు ఇప్పించే పని అక్కడ జరగదు, అది తెలిసే చెయ్యి. ఇంగ్లీషులో తడబడతానని భయమైతే ముందు 131 450కి చేసి, తెలుగు దుబాసీ కావాలని చెప్పు. వాళ్లే లైన్ కలుపుతారు, నీకు ఖర్చు ఉండదు. మొదటి కాల్‌కి ఎవరైనా పక్కన ఉంటే బాగుండనిపిస్తే నాకు రాయి. ఏ రోజు చేస్తావో చెప్పు, ఆ టైముకు నేను ఖాళీ చేసుకుంటాను.